బటన్ వద్దన్న వేటగాడు

2006 మార్చి. ఖమ్మం బస్టాండ్ ఎదుటి లాడ్జిలో రెండో అంతస్తు గది. మెట్లెక్కి వచ్చేసరికి ఏజెంట్ షాలేమ్‌రాజుకు ఆయాసం పట్టుకుంది. వయసు యాభై రెండు. ఇరవై ఆరేళ్ల సర్వీసు, ఏడు మారుపేర్లు. ఒక చెవి నిజంగానే వినపడదు.

చీఫ్ కిషన్‌లాల్ రెండు ఫోటోలు మంచం మీద పరిచాడు.

"తేడా చెప్పు."

"రెండూ లివర్ యాక్షన్ రైఫిళ్లే సార్. కింద ఉన్న లివర్‌ను గుంజి మళ్లీ పైకి కొడితే ఖాళీ తూటా ఊడిపడి కొత్తది ఎక్కుతది. ఇది పాత రకం. చెక్క మడమ, ఇనుప సైటు, వెనక బయటికే కనపడే హ్యామర్. సేఫ్టీ అంటే ఆ హ్యామర్‌ను సగం లేపి ఆపుడే."

"రెండోది?"

"గదే తుపాకి, కొత్త బట్టలు. ప్లాస్టిక్ మడమ, టెలిస్కోప్‌కు పట్టీ, గొట్టం చివర సైలెన్సర్‌కు మరలు. హ్యామర్ పక్కన బటన్ సేఫ్టీ. అది వేసి ఉంటే హ్యామర్ పడ్డా తూటా పేలదు. క్లిక్ అంటది, గంతే."

"ఆ రెండోది మన సరిహద్దు దాటి వచ్చింది. టార్గెట్ కెప్టెన్ జకర్యా."

జకర్యా ఓడ కెప్టెన్. విదేశీ ముఠా ఆయుధాలను మూడుసార్లు మన తీరానికి చేర్చినవాడు. ఇప్పుడు అప్రూవర్‌గా మారి దుమ్ముగూడెంలో పోలీసు కాపలాలో ఉన్నాడు. గురువారం ఉదయం వాంగ్మూలం కోసం అతన్ని లాంచీలో భద్రాచలం తీసుకెళ్తారు. రోడ్డు మీద మందుపాతరల భయం.

"తేదీ మార్చరాదా సార్?"

"మారిస్తే హ్యూగో మాయమవుతాడు. ముఠా నాయకుడు. ఐదేళ్లుగా వెతుకుతున్నాం. కాల్చే మనిషి అతని పక్కన ఉండగానే పట్టుకోవాలి. వాళ్లకు ఇప్పుడు తుపాకుల మేస్త్రీ కావాలి. హ్యూగో దగ్గర దుబాసీగా ఉన్న సోని నీ పేరు చెప్పింది. ఇకనుంచి నువ్వు బెంజమిన్‌వి."

ఎనిమిదో పేరు. షాలేమ్‌రాజు తల ఊపాడు.

"సోని మన మనిషేనా సార్?"

"రెండు చోట్లా జీతం తీసుకుంటుంది. ఆఖరి క్షణంలో ఎటు తిరుగుతుందో ఢిల్లీకీ తెలియదు."

కిషన్‌లాల్ ఒక వినికిడి యంత్రం ఇచ్చాడు. సోని కళ్లజోడులో మైకు ఉంది. అందులో పడ్డ మాట ఈ యంత్రంలో అర కిలోమీటరు దాకా వినపడుతుంది.

సారపాకలో కిరాయికి తీసుకున్న గది. మంగళవారం మధ్యాహ్నం జీపు ఆగింది. ముందు సోని దిగింది. నెమలి రంగు పట్టుచీర, నల్ల కళ్లజోడు, పొడుగాటి ఎర్రటి గోళ్లు. వీధిలో సైకిళ్లు రెండు ఆగిపోయాయి. ఆమె వెనక పక్షుల ఫోటోగ్రాఫర్ వేషంలో హ్యూగో. చివరన డెబ్బై ఏళ్ల దేవ్‌సింగ్, భుజం మీద తువ్వాల.

ఒకప్పుడు ఈ అడవిలో దొరలకు వేట చూపించినవాడు దేవ్‌సింగ్. వేట నిషేధం వచ్చాక ముప్పై ఏళ్లకు పైగా రైఫిల్ ముట్టలేదు. పని అయ్యాక ఈ తుపాకి నీదేనని హ్యూగో అతనికి మాటిచ్చాడు.

ముసలాయన రైఫిల్ అందుకుని రెండు చేతుల్లో తూచాడు. లివర్‌ను మెల్లగా దించి ఎత్తాడు. ఆ శబ్దానికి అతని ముఖం వెలిగింది. అంతలోనే బటన్ కనిపించింది.

"ఇదేంది?"

"సేఫ్టీ కాకా," అంది సోని.

"సేఫ్టీ నా బొటనవేలు. గుర్రాన్ని సగం లేపితే ఆగుతది, మొత్తం లేపితే పేలుతది. నడుమ ఇదెందుకు? పులి ముందర బటన్ ఏడున్నదని ఎతకాల్నా?" హ్యామర్‌ను అతను గుర్రమే అంటాడు. "ఆ దుర్బీను గూడ తీసెయ్యి మేస్త్రీ. నీళ్ల మీద ఎండ పడితే అద్దం మెరుస్తది."

సోని దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పింది. హ్యూగో విసుగ్గా వాచీ చూసుకున్నాడు. సైలెన్సర్ ఉండాల్సిందే, మిగతావి ముసలాయన ఇష్టం అన్నాడు.

షాలేమ్‌రాజు టెలిస్కోప్ విప్పాడు. బటన్ చుట్టూ ఉన్న సన్నటి గాడిలో నల్లటి రబ్బరు రింగు బిగించాడు. ఇక బటన్ లోపలికి పోదు, రైఫిల్ ఎప్పుడూ పేలేందుకు సిద్ధంగా ఉంటుంది. పేలుతుందనే గుర్తుగా అవతలి వైపున ఎర్ర గీత కనపడుతూనే ఉంటుంది. దేవ్‌సింగ్ జామాయిల్ తోటలోకి వెళ్లి మూడు తూటాలు కాల్చి వచ్చాడు. మూడూ పేలాయి.

"పనోడివే," అన్నాడు.

అందరూ జీపెక్కాక సోని పర్సు మరిచానంటూ వెనక్కి వచ్చింది.

"ఎండ ఎక్కువుంది మేస్త్రీ."

"గొడుగులు అయిపోయినయి మేడం."

కోడ్ సరిపోయింది. అతను గొంతు తగ్గించాడు. "ఆ రింగు గోటితో గుంజితే ఊడొస్తది. తర్వాత బటన్ నొక్కు. ఆయన బటన్ దిక్కు చూడడు."

సోని కళ్లజోడు తీసింది. నిద్రలేని కళ్లు.

"మాది ఒకటే తండా సార్. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకొని కుసుమంచి జాతరకు తీస్కపోయిండు. కాకాను కాల్చనని మాటియ్యుండ్రి."

డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ అలాంటి మాట ఇవ్వరు. షాలేమ్‌రాజు ఇచ్చాడు. వాదించే ఓపిక లేదు.

"నువ్వు రింగు తీస్తవా మరి?"

ఆమె కళ్లజోడు మళ్లీ పెట్టుకుని జీపు వైపు నడిచింది.

గురువారం ఉదయం ఎనిమిదిన్నర. గోదావరి ఒడ్డున జీడిమామిడి తోటలో ఎస్సై, ఆరుగురు కానిస్టేబుళ్లు. ఆయుధాల ముఠా అని మాత్రమే వాళ్లకు చెప్పారు; వైర్‌లెస్‌లో కబురిచ్చేది ఎవరో చెప్పలేదు. షాలేమ్‌రాజు ఇంకాస్త దిగువన ఇసుకలో కూర్చున్నాడు. చెవిలో గరగర మొదలైంది.

"కాకా, ఈ వెదురు కట్టల చాటు మంచిగున్నది. హ్యూగోను జీపుల పైన రోడ్డు మీదనే ఉండనియ్యి."

వెదురు డిపో. నాలుగు వందల గజాలు. వైర్‌లెస్‌లో ఎస్సైకి జీపు సంగతి రెండు ముక్కల్లో చెప్పి పరుగందుకున్నాడు. ఇసుకలో ఒక్కో అడుగూ కూరుకుపోతోంది. దూరంగా లాంచీ చప్పుడు.

"తుపాకి తే బిడ్డా."

సంచి జిప్పు. చీర గరగర. ఆ తర్వాత ఏమీ వినపడలేదు. దారి పొడుగునా హ్యూగో పక్కనే ఉన్నాడు కదా, రింగు ఎప్పుడు తీస్తుంది? అసలు తీస్తుందా?

చెవిలో లివర్ దిగి ఎక్కిన శబ్దం. షాలేమ్‌రాజు ఇంకా వేగం పెంచాడు.

క్లిక్.

"తూటా తడిసిందా ఏంది?" ముసలి గొంతు గొణిగింది. మళ్లీ లివర్. మళ్లీ క్లిక్.

రైఫిల్‌ను పక్కకు తిప్పిన చప్పుడు. "ఎర్ర గీత లేదు... బిడ్డా, నువ్వేనా?"

చీర మళ్లీ గరగరలాడింది.

షాలేమ్‌రాజు వెదురు కట్టల మలుపు తిరిగాడు. ఇరవై అడుగుల దూరంలో దేవ్‌సింగ్ వీపు. నది నడుమ లాంచీ ముందుభాగంలో తెల్ల చొక్కాతో జకర్యా. ముసలాయన బటన్‌ను వెనక్కి తోశాడు. బొటనవేలితో హ్యామర్‌ను మొత్తం లేపాడు. షాలేమ్‌రాజు పిస్టల్ ఎత్తాడు. మాట ఇచ్చాడు. ఇచ్చినా సరే, కాల్చాల్సిందే. వేలు బిగించబోయాడు.

సోని చేయి చాచి చూపుడువేలును హ్యామర్ కింద పెట్టింది.

హ్యామర్ పడింది. ఎముక చిట్లిన చప్పుడు. తూటా పేలలేదు. ఆమె అరవలేదు, పెదవి కొరుక్కుంది. రింగు గుంజినప్పుడు గోరు విరిగిన వేలు అదే.

లాంచీ మెల్లగా వంపు తిరిగి వెదురు చాటుకు వెళ్లిపోయింది.

దేవ్‌సింగ్ గురి వదిలేశాడు. హ్యామర్ లేపి ఆమె వేలు బయటికి తీశాడు. భుజం మీది తువ్వాల చించాడు.

"చెయ్యి ఇటు తే. పిచ్చిదానా, గుర్రం కింద వేలు పెడతరా ఎవరన్న?" కట్టు కడుతూ ఏడుస్తున్నాడు. "లాంచీలున్నోడు చెడ్డోడని చెప్పిండ్రు బిడ్డా."

"నీకు తెల్వదా కాకా?"

"తెలుసు. మంచిపనికి గింత మంచి తుపాకి ఎవ్వలిస్తరు?"

పైన రోడ్డు మీద హ్యూగోను జీపులోంచి గుంజుతున్నారు. కెమెరా బ్యాగులో నాలుగు పాస్‌పోర్టులు దొరికాయి.

సోనిని దవాఖానాకు పంపించారు. దేవ్‌సింగ్‌ను వ్యాన్ ఎక్కిస్తుంటే, ముసలాయనే సాక్షులందరిలో ముఖ్యుడవుతాడని షాలేమ్‌రాజు లెక్కవేసుకున్నాడు. కేసు నిలవాలంటే అతన్ని అప్రూవర్‌గా మార్చి వాంగ్మూలం తీసుకోవాలి. ఆ మాట కిషన్‌లాల్‌తో తానే చెప్పాలి.

అంతలో ఎస్సై వచ్చి షాలేమ్‌రాజు మణికట్టుకు సంకెళ్లు వేశాడు.

"లైసెన్స్ లేకుండ తుపాకులు రిపేర్ చేసేది నువ్వే గదా. పేరు?"

"బెంజమిన్ సార్."

స్టేషన్‌లో ఫోను మోగింది. అవతల కిషన్‌లాల్, వకీలు గొంతుతో. హ్యూగో మనుషులు ఇంకా ఇద్దరు బయట ఉన్నారు, వేషం చెడకూడదు, శనివారం దాకా లోపలే ఉండు అన్నాడు.

"అవ్ సార్," అన్నాడు షాలేమ్‌రాజు.

లాకప్‌లో ఫ్యాను తిరుగుతోంది. తలుపుకు బయట తాళం, కాపలాకు సాయుధ కానిస్టేబుల్, రెండు పూటలా భోజనం. ఆరేళ్లుగా అతను పెట్టుకుంటున్న సెలవు అర్జీ ఎట్టకేలకు మంజూరైనట్టే ఉంది.