వేట నిషేధానికి ముందు రోజు

ఉప్పాడ నూకరత్నానికి రెండో అన్యాయం జరిగింది 2047 నవంబరు 2, శనివారం మధ్యాహ్నం. మొదటిదానికి సైన్స్ అని పేరు పెట్టారు. అది అన్యాయమేనని కోర్టు చెవిన వేయడానికే ఆమె చెల్లెలు బంగారమ్మకు ఏడాదిన్నర పట్టింది.

రొయ్యల ఫ్యాక్టరీలో ఒలుపు పని చేసే నూకరత్నానికి నరాల జబ్బు చేసి కుడిచెయ్యి చచ్చుబడింది. కణంలో న్యూక్లియస్ ఒక గది అనుకోండి. దాని గోడనిండా కన్నాలు, వాటినే పోర్లు అంటారు. చిన్న అణువులు వాటంతటవే దూరిపోతాయి. పెద్దవాటిని మాత్రం ఎవరో ఒకరు మోసుకెళ్ళి గడప దాటించాలి. ఈ జబ్బులో, లోపల ఉండాల్సిన ఒక ప్రోటీన్ బయటి సైటోప్లాజంలో పడి, తిరిగి లోపలికి పోలేక, గడ్డకట్టి నరాన్ని చంపేస్తుంది. డాక్టర్ హైమవతి ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో కనిపెట్టిన గేట్‌లాక్ మందు బయటికొచ్చే దారి మూసేసింది. చెయ్యి లేచింది.

కానీ కొత్త జ్ఞాపకం నిలవాలంటే న్యూక్లియస్‌లోంచి ఆర్ఎన్ఏ కబురు బయటికి రావాలి. ఆ కబురూ లోపలే ఇరుక్కుపోయింది.

సూది వేసింది, ఏటా ఏప్రిల్ పదిహేనున మొదలయ్యే వేట నిషేధానికి ముందు రోజు. అప్పట్నుంచి నూకరత్నానికి ప్రతి రోజూ ఆ రోజే. విన్నది గంట దాటి నిలవదు. “రేపట్నుంచి పడవలు వెళ్ళవు, ఇవాళే చేపలు తెచ్చుకోండర్రా,” అని పొద్దున్నే వాడంతా వినబడేలా చెబుతుంది.

సూదికి ముందు ఆమె ఒప్పుకున్నట్టు కంపెనీ దగ్గర కాగితం లేదు. కేసంతా దానిమీదే నిలబడింది. అక్కచెల్లెళ్ళు గెలిస్తే, తలుపు మళ్ళీ తీసే మందు కంపెనీయే తయారుచేసి ఇవ్వాలి. సోమవారం విచారణ.

శనివారం హైమవతి, సూదికి ఒప్పుకుంటున్నట్టు రాసిన ఒక కాగితంతో వచ్చింది. “సంతకం పెట్టగలరేమో చూద్దామమ్మా.”

“నా చెయ్యి లేవదుగా డాక్టరమ్మా,” అంటూనే నూకరత్నం పెన్ను అందుకుంది. వేళ్ళు పెన్ను చుట్టూ ముడుచుకున్నాయి. “ఒసే బంగారీ, చూడవే. సూది వెయ్యకుండానే పనిచేస్తంది.”

“వద్దక్కా. సూది ఎప్పుడో వేసేశారు. పొద్దున్నంతా చెప్పానా లేదా?”

“డాక్టరమ్మ ముందు ఎకసెక్కాలా?”

బంగారమ్మ హైమవతి వైపు తిరిగింది. “ఇంత చదివావు. ఇది తప్పని తెలీదూ?”

“తెలుసు. కంపెనీ కేసు ఓడిపోతే ల్యాబ్ మూసేస్తారు. అప్పుడు ఆ మందు ఎవరు చేస్తారు?”

“కంపెనీ గెలిస్తే నువ్వు చేస్తావా?”

హైమవతి కాగితాన్ని నూకరత్నం ముందుకు జరిపింది.

బంగారమ్మ కాగితం లాక్కోబోయింది. నూకరత్నం ఆ కుడిచేత్తోనే ఆమెను నెట్టేసి, పేరు పూర్తిగా రాసింది.

“తేదీ కూడా,” అంది హైమవతి.

“నవంబరు రెండక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను, నవంబరు రెండని వెయ్యి.”

“రేపు వేట నిషేధమైతే ఇవాళ నవంబరెలా అవుద్దే, పిచ్చిదానా?”

కోర్టు రికార్డులో ఆ సంతకం కింద, ఆమె చేతిరాతలోనే ఉన్న తేదీ: 14 ఏప్రిల్ 2046.