మత్తు వద్దన్న బుట్ట

పైడమ్మ జల్లెడ పడుతోంది. రెండు చేతులూ గాలిలో అలా ఊపితే చాలు, ఎదుటి వెలుగుతెర మీద వేల కంపెనీలు బియ్యపుగింజల్లా దొర్లేవి. తుపాకులు చేసేవీ, పొగాకు చుట్టేవీ కిందికి రాలిపోయేవి. మిగిలినవి బుట్టలోకి.

ఆ రోజుల్లో కంపెనీల వాటాలు విడిగా కొనే మొనగాడు విశాఖపట్నంలో ఒక్కడుంటే, వాణ్ణి చూడ్డానికి టిక్కెట్టు పెట్టేవారు. అందరివీ బుట్టలే. ఒక్క బుట్ట కొంటే వెయ్యి కంపెనీల్లో తలో ముక్కా వచ్చేది. బజారులో వంకాయల్లా పొద్దస్తమానం చేతులు మారేది. లోపల ఏముందో చూసే ఓపిక ఎవరికీ లేదు గానీ, మనస్సాక్షి మాత్రం అందరికీ ఉండేది. గిట్టనిదానికి ఒక వద్దుగీత గీసుకుంటే, ఆ సరుకు చేసే కంపెనీలన్నీ రాలిపోయేవి. జల్లెడ పట్టేవాళ్ళ సొంత బుట్టలు తల్లిబుట్టలు. వాటిని చూసి లక్షల పిల్లబుట్టలు తమంతట తామే సర్దుకునేవి.

పైడమ్మ తన సొంత బుట్టకి గీసింది ఒక్కటే గీత: మత్తు వద్దు. సారా తాగి తాగి తండ్రి పోయిన ఏడాది, తనను పెంచిన అక్క అప్పలనర్స చెయ్యి పట్టుకుని మరీ గీయించింది. పిల్లబుట్టలన్నీ వెంట నడిచాయి. సారా కొట్లు మూతపడ్డాయి. వీధివీధినా ఆడవాళ్ళు పండగ చేసుకున్నారు.

ఇప్పుడు అక్కకి కడుపులో క్యాన్సర్. నొప్పి తగ్గించే మార్ఫిన్ చుక్కల కోసం పైడమ్మ ఎక్కని మందులషాపు మెట్టు లేదు.

"ఆ చుక్కలు చేసే ఫ్యాక్టరీ మూసీసారు కదమ్మా," అన్నాడు పైఅధికారి త్రినాథరావు. "మార్ఫినూ మత్తే. నీ జల్లెడలోంచే రాలింది. బుట్టలన్నీ ఒక్కసారే అమ్మీసాయి, కొనీవోడు లేడు. బ్యాంకోడు అప్పు ఆపీసేడు."

"సారాకీ మందుకీ తేడా తెలీదా బాబూ దానికి?"

"తెలిస్తే అది జల్లెడెందుకవుద్ది? మనిషైపోదూ!"

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అక్క దిండు కొరుకుతోంది.

"రేపు గీత చెరిపేత్తానప్పా."

"చెరిపితే సారా కూడా వచ్చేత్తాదే. అమ్మ తిన్న దెబ్బలు మళ్ళీ ఇంటింటా తింతారు."

"మరి నీ నొప్పో?"

"నా నొప్పి నాది. ఊరందరికీ పంచుతావేటే, పెళ్ళి లడ్డూల్లాగ?" అక్క నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే మూలుగైపోయింది.

మర్నాడు పైడమ్మ గీత చెరిపింది. గీతలు గీయించుకోవడమే తప్ప చెరిపించుకోవడం ఎరగని యంత్రం, నిశ్చయమేనా అని అడిగింది. మళ్ళీ అడిగింది. అవునంది పైడమ్మ. ఆఫీసు హాలంతా జల్లెడలు ఒక్కసారి ఆగి, ఎదురు తిరిగాయి. లక్షల పిల్లబుట్టలు, తమ యజమానుల్ని మాటమాత్రమైనా అడక్కుండా, మత్తు కొనడానికి ఎగబడ్డాయి.

అయితే బుట్ట పెద్ద కంపెనీనే ఎక్కువ కొంటుంది. సారా కంపెనీలు ఇన్నాళ్ళూ దొంగచాటున బతికి, బలిసే ఉన్నాయి. డబ్బంతా అటే పోయింది. చుక్కల ఫ్యాక్టరీకి మిగిలింది పేరొక్కటే. యంత్రాలు ఏనాడో పాత ఇనపసామాన్ల కొట్టుకి చేరాయి.

"మళ్ళీ చుక్క కారాలంటే ఏడాది పట్టుద్దమ్మా," అన్నాడు త్రినాథరావు, ఆమె మొహం చూడలేక తెరవైపు తిరిగి.

పైడమ్మ అక్కకి ఆ మాట చెప్పలేదు. అడుగుతుందేమోనని భయపడింది. అక్క అడగలేదు.

వారం తిరక్కుండా సందు మలుపులో సారా కొట్టు తెరిచారు. ఆ సాయంత్రం ఎవరో తూలుతూ, గోడలు తడుముకుంటూ, గొంతు చించుకుని పాడుకుంటూ వస్తున్నారు. నొప్పిలో సగం మెలకువగా ఉన్న అక్క తల ఎత్తింది. చిన్నపిల్లలా దుప్పటి గడ్డందాకా లాక్కుంది.

"పైడీ, నాన్నొచ్చీసేడే," అంది. "గడియెయ్యి."

పైడమ్మ లేచి గడియ వేసింది.