క్లిఫ్ ఆగ్డెన్ కార్డు

స్టెయిన్‌మూర్ కొండ మీద, రోడ్డు పక్కన లారీలు ఆపుకునే జాగా ఒకటుంది. అక్కడ మాత్రం ఏ డ్రైవరూ ఆగడు. ఒంటేలుకి ప్రాణం పోతున్నా సరే, పళ్ళు బిగబట్టి కొండ దిగిపోతాడు.

రోజుకి ఇన్ని గంటలే నడపాలని, నాలుగున్నర గంటలు నడిపాక ముప్పావుగంట ఆగి తీరాలని అక్కడి చట్టం. ఆగకపోతే క్యాబిన్‌లో ఉండే టాకో అనే పెట్టె పట్టిచ్చేస్తుంది. డ్రైవరు తన పేరున్న కార్డు దాని నోట్లో పెట్టాక నడిపిన ప్రతి నిమిషమూ లెక్కకెక్కుతుంది, ఇక తప్పించుకోవడం ఉండదు. ఆ పెట్టెకి గడగడలాడే వాళ్ళు కూడా ఆ జాగాలో ఆగరు.

ఎందుకంటే, అక్కడ ఇంజను ఆపగానే పక్కసీటు తలుపు మీద ఎవరో వేళ్ళ కొసలతో కొడతారట. టక్... టక్... ఆ తర్వాత గుసగుస.

"నా కార్డు... నా కార్డు ఇచ్చెయ్యండి..."

ఆ గొంతు క్లిఫ్ ఆగ్డెన్‌దని అందరికీ తెలుసు. కొన్నేళ్ళ కిందట ఒక చలికాలం రాత్రి, ఆ జాగా దాటగానే నిద్రలోకి జారి, లారీతో సహా లోయలో పడ్డాడు. "చచ్చాక కూడా కార్డు గోలేమిట్రా వాడికి!" అని డ్రైవర్లు టీ బండి దగ్గర బేకన్ రొట్టెలు నములుతూ నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వేవాళ్ళలో నెవిల్ రైస్ట్రిక్ ఒకడు.

కార్డు లోయలో పోయిందని క్లిఫ్‌కీ నెవిల్‌కీ యజమాని అయిన గార్‌సైడ్ పోలీసులకి చెప్పాడు. శుద్ధ అబద్ధం. చచ్చినవాడి కార్డు సర్కారుకి తిరిగి పంపాలి. గార్‌సైడ్ మాత్రం దాన్ని విరిగిన క్యాబిన్‌లోంచి తీసి కోటు జేబులో దాచుకుని, ఆ రోజుకి గంటలు అయిపోయిన నోరులేని డ్రైవర్ల చేతిలో పెట్టేవాడు. బతికున్నవాడి లెక్క అక్కడ ఆగిపోతుంది, చచ్చినవాడి పేరు మీద లారీ కదులుతుంది. అలాంటి ఘనుడు.

ఆ రాత్రి డార్లింగ్టన్ యార్డులో నెవిల్ వంతు వచ్చింది.

"బాస్, నా గంటలు అయిపోయాయి. పొద్దున్నే మా హేజెల్ పెళ్లి. చర్చిలో దాని చెయ్యి పట్టుకుని నడిపించాల్సింది నేనే."

"నడిపించు, ఎవడొద్దన్నాడు? ఈ కోళ్ళ లోడు పెన్రిత్‌లో దించేసి నడిపించు. అక్కణ్ణుంచి మీ ఊరు ఎంత దూరమని?" గార్‌సైడ్ కార్డు తీసి అతని అరచేతిలో పెట్టాడు. "క్లిఫ్ ఏమీ అనుకోడులే. బతికున్నప్పుడూ దేనికీ కాదనేవాడు కాదు. నీకిష్టం లేదా? హాయిగా పెళ్లికి వెళ్ళు. మళ్ళీ యార్డు మొహం చూడకు."

నెవిల్ కార్డు తీసుకున్నాడు. ఆ వయసులో అతనికి మరో ఉద్యోగం ఎవడిస్తాడు?

కార్డు పెట్టగానే టాకో క్లిఫ్ పేరు చూపించి, ఎప్పటిలాగే ఒక ప్రశ్న వేసింది. కిందటిసారి కార్డు తీసినప్పటినుంచీ ఏం చేస్తున్నావు? విశ్రాంతి అయితే మంచం బొమ్మ. పని అయితే సుత్తుల బొమ్మ. నెవిల్ మంచం నొక్కాడు.

సుత్తులు వచ్చాయి.

మళ్ళీ మంచం నొక్కాడు. మళ్ళీ సుత్తులే...

"దిక్కుమాలిన పెట్టె," అని విసుక్కుని బయలుదేరాడు.

కొండ ఎక్కేసరికి పొగమంచు కమ్మేసింది. రెప్పలు మూతలు పడుతున్నాయి. ఒకసారి చక్రాలు రోడ్డు అంచు దిగి మళ్ళీ ఎక్కాయి. కాసేపు కన్ను మూస్తే చాలు అనుకుంటూ, పక్కన ఖాళీ కనిపించగానే లారీ తిప్పి ఆపాడు. తను ఎక్కడ ఆగాడో ఇంజను ఆపాక గానీ తట్టలేదు.

టక్... టక్...

"నా కార్డు..."

నెవిల్ పక్కసీటు తలుపు వైపు తిరిగాడు. "క్లిఫ్? నేనురా... నెవిల్ని."

"ఇచ్చెయ్యరా నెవిల్." ఆ గొంతులో కోపం లేదు, ఏడుపు ఉంది. "నడుం వాల్చగానే ఎవడో ఒకడు దాన్ని పెట్టెలో పెడతాడు. అంతే... లేవాలి. నడపాలి. చచ్చిన రోజు నుంచీ కంటిమీద కునుకు లేదురా..."

నెవిల్ చెయ్యి టాకో మీదికి వెళ్ళింది. కార్డు ఇచ్చేస్తే... లారీ ఇక్కడే పడి ఉంటుంది. పొద్దున్న హేజెల్ చర్చి గుమ్మంలో ఒంటరిగా నిలబడుతుంది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఈ ఒక్క రాత్రికి ఓర్చుకో క్లిఫ్. నా కూతురి పెళ్లిరా."

తలుపు మీద కొట్టడం ఆగిపోయింది. ఆ తర్వాత గొంతు మళ్ళీ వినిపించింది — ఈసారి బయటినుంచి కాదు, అతని చెవి పక్కనుంచి.

"సరే... జరుగు. కార్డు ఎవడిదైతే వాడే నడపాలి."

సీటు వెనకున్న పడక మీదికి తను ఎలా చేరాడో నెవిల్‌కి తెలియదు. కర్టెన్ సందులోంచి చూశాడు. లారీ కదులుతోంది. స్టీరింగు మీద రెండు చేతులు, నీళ్ళలో నానినట్టు తెల్లగా... అవి అలసటతో వణుకుతున్నాయి. నెవిల్ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, అతనికి హాయిగా నిద్ర పట్టేసింది.

తెల్లవారేసరికి లారీ పెన్రిత్ గిడ్డంగి ముందు ఉంది, గీత తప్పకుండా నిలిపి. కోళ్ళు దించేశారు. నెవిల్ వేళకి పెళ్లికి చేరుకున్నాడు. కూతురి చెయ్యి పట్టుకుని నడిచాడు. "పెళ్లికొడుకు కన్నా నువ్వే తాజాగా ఉన్నావేంట్రా!" అని చుట్టాలు ఏడిపించారు. అతను నవ్వాడు గానీ, ఆ వణికే చేతులు కళ్ళముందు నుంచి పోలేదు.

రాత్రి పబ్బులో విందు. గార్‌సైడ్ కూడా వచ్చాడు. బీరు కడుపులో పడ్డాక నెవిల్ అతన్ని ఒక మూల బల్ల దగ్గరికి లాక్కెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. లారీ తాళాలు, క్లిఫ్ కార్డు అతని ముందు పెట్టాడు.

"దీన్ని సర్కారుకి పంపించెయ్యండి బాస్, మీకు పుణ్యముంటుంది. వాణ్ణి పడుకోనివ్వండి."

గార్‌సైడ్ నవ్వలేదు. కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దారంతా వాడే నడిపాడా?" అన్నాడు మెల్లగా.

"దారంతా."

"ఎక్కడా ఆగలేదు? తిండి, నిద్ర... ఏమీ అడగలేదు?"

"అడిగింది నిద్రే కదా బాస్. నేనే ఇవ్వలేదు."

గార్‌సైడ్ గ్లాసులోకి చూస్తూ లెక్కలు వేసుకున్నాడు. యార్డులో అతనికి చాలా లారీలున్నాయి. క్లిఫ్ మాత్రం ఒక్కడే. కాసేపటికి లేచి, క్లిఫ్ కార్డు మళ్ళీ కోటు జేబులో వేసుకుని, బారు దగ్గరికి వెళ్ళి నెవిల్ కోసం పెద్ద విస్కీ పట్టుకొచ్చాడు. ఇన్నేళ్ళలో అతను ఏ డ్రైవరుకీ మందు కొనిచ్చిన పాపాన పోలేదు.

"తాగు నెవిల్, కూతురి పెళ్లి కదా," అన్నాడు ప్రేమగా, లారీ తాళాలు అతని వైపు జరుపుతూ. "తాగేసి, ఖాళీ బండి ఈ రాత్రికే కొండ దాటించి యార్డుకి తెచ్చెయ్యి. ఈసారి నీ కార్డే పెట్టుకో."