బతికున్న అమ్మ, చచ్చిన రొయ్యలు

రామచంద్రపురం కల్యాణమండపంలో ఉదయభాస్కర్ తన తల్లి మరణాన్ని వర్ణిస్తుండగా మైకు కీచుమంది.

సభికుల కన్నీళ్ళు సగంలో ఆగిపోయాయి. వేదిక పక్కన యాంప్లిఫయర్ ముందు కూర్చున్న అమ్మాయి నింపాదిగా మీట తిప్పి, ఇక కానివ్వమన్నట్టు చెయ్యి ఊపింది. ఒకసారి ఆగిన మరణాన్ని మళ్ళీ ఎత్తుకోవడం ఎంతటి వక్తకైనా కష్టమే. "అమ్మ వెళ్ళిపోయింది" అని ఒక్క ముక్కలో తేల్చేసి, భాస్కర్ దిగివచ్చాడు.

"అసలు మీకు మైకు పెట్టడం వచ్చా?"

"వచ్చండీ. మీకే అబద్ధం చెప్పడం రాదు. తణుకులో మీ అమ్మగారికి పక్షవాతం అన్నారు. రాజమండ్రిలో కోమా అన్నారు. ఇవాళ ఏకంగా పోయారు! నేను సిద్ధంగా లేనండి. నవ్వాపుకోలేక మోచెయ్యి వాల్యూమ్‌కి తగిలింది."

"మీరు ప్రతి మీటింగుకీ వస్తారా?"

"హేమశ్రీ సౌండ్స్ మాదే. నేనే హేమశ్రీని. మీరెక్కడ ఏడిస్తే అక్కడికి రావలసిందే."

ఆత్మవిశ్వాసం మీద ఊరూరా ప్రసంగిస్తున్న మనిషికి అది కొంచెం ఇబ్బందికరమైన పరిస్థితి.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. గోదావరి జిల్లాల్లోకి వ్యక్తిత్వ వికాసం కొత్తగా దిగుమతి అయిన కాలం. అంతకుముందు కష్టం వచ్చినవాడు సిద్ధాంతి చెప్పాడని తూర్పు గుమ్మం మూసి ఉత్తరపు గుమ్మం తెరిచేవాడు. ఇప్పుడు గోడలు పగలగొట్టే పని లేకుండా, కుర్చీలో కూర్చుని దృక్పథం మార్చుకుంటే సరిపోతోంది. రెండు పద్ధతుల్లోనూ రుసుము ముందే చెల్లించాలి. ఫలితం రాకపోతే లోపం చెల్లించినవాడిదే.

ఈ వికాసాన్ని పంచుతున్న జోగేశ్వరరావు పూర్వాశ్రమంలో రొయ్యల మేత ఏజెంటు. వైరస్ వచ్చి చెరువులు పోయాక మేత కొనేవాళ్ళు కరువయ్యారు. చెరువులు పోయినవాళ్ళు మాత్రం కావలసినంతమంది మిగిలారు. దూరదృష్టి గల ఏజెంటు సరుకు మార్చాడు, ఖాతాదారులను మార్చలేదు.

అలా మిగిలినవారిలో ఒకడు భాస్కర్. నరసాపురం దిగువన మాగాణి తవ్వి, ఉప్పునీరు పెట్టి, రొయ్యలు వేశాడు. మొదటి పంటకు మోటారు సైకిలు వచ్చింది. రెండో పంటకు తెల్లమచ్చ రోగం వచ్చింది. రొయ్యలు పోయాయి, వాటి వెనకే మోటారు సైకిలూ పోయింది. నేలలో ఉప్పు మాత్రం మిగిలింది. వేదిక మీద జోగేశ్వరరావు అతడి చేత చెప్పించే కథ వేరు. ఆ నష్టాన్ని, తల్లి వియోగాన్ని మెట్లుగా చేసుకుని అతడు ఎగుమతుల కంపెనీకి అధిపతి అయ్యాడు. ఆ అధిపతి ఇప్పుడు బస్సు ఛార్జీల కోసం జోగేశ్వరరావు వెనక నిలబడి ఉన్నాడు.

బయట వాన అందుకుంది. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది.

"వ్యాన్ ఎక్కండి, ఎగుమతులుగారూ," అంది హేమశ్రీ.

వెనకంతా మైకు హారన్లు, పెట్టెలు. ముందు సీటులో ఇద్దరు మనుషులకు చోటుంది, అభిమానానికి లేదు. అతడు ఎక్కాడు. స్టీరింగు ఆమె చేతిలోనే ఉంది.

"ఇంతకీ ఆ చెరువుల్ని నిజంగా ఏం చేశారండి?"

"గట్లు కొట్టేశాను. కాలవ నీళ్ళు పెట్టడం, తీసెయ్యడం. కిందటేడంతా ఉప్పు కడగడమే పని. ఈ ఏడు ఉప్పు విరుస్తుందని పచ్చిరొట్ట పైరు, జీలుగ చల్లాను."

"మొలిచిందా?"

"ఒక మూల. మోకాలెత్తు."

"మరి అది చెప్పరేంటి?"

"మోకాలెత్తు జీలుగకి చప్పట్లు రావంటారు జోగేశ్వరరావుగారు."

ఆమె నవ్వలేదు. వైపరు ఆడని అద్దాన్ని చేత్తో తుడిచింది. "మా నాన్న స్తంభం మీద హారన్ కడుతూ పడిపోయారండి. నడుం విరిగింది. వచ్చినవాళ్ళందరూ ఇది భగవంతుడు పెట్టిన పరీక్ష అన్నారు. నేను ఫీజే కట్టలేదు కదండీ అన్నాను. డిగ్రీ మానేసి సోల్డరింగ్ నేర్చుకున్నాను. ఎదుగుదామని కాదు. పెళ్ళిళ్ళ సీజను నెత్తిమీదికొచ్చింది, అంతే."

భాస్కర్ ఆమె వంక చూశాడు. వాన చప్పుడుకీ, గుండె చప్పుడుకీ ఏ సంబంధమూ లేదని శాస్త్రం చెబుతుంది. అతడు ఆ శాస్త్రం చదువుకోలేదు.

ఆ తర్వాత ప్రతి సభకూ అతడి బస్సు విచిత్రంగా తప్పిపోతూనే ఉంది.

పాలకొల్లు సభ ఖరారైంది. కొడుకు ప్రసంగిస్తున్నాడని తెలిసి తల్లి వీరవేణమ్మ ఇరుగుపొరుగుతో సహా బయల్దేరుతోందని భాస్కర్‌కి కబురొచ్చింది. అతడు జోగేశ్వరరావు దగ్గరికి పరుగెత్తాడు.

"దానికేముంది? ఆవిడ మీ పెద్దమ్మ అని చెబుదాం," అన్నాడాయన చలించకుండా. "ఇది సరిగ్గా చేశావంటే హైదరాబాద్‌లో పర్మనెంట్ ట్రైనర్‌వి. జీతం, గది. ఆలోచించుకో."

హేమశ్రీ మాత్రం ఆలోచించుకోమనలేదు. "మీ కథలో ఆవిడ పాలకొల్లులో కూడా పోయారనుకోండి, ఇంక మీరు బస్సుకే రావాలి," అంది వైర్లు చుడుతూ. ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని అతడు చాలాసేపు నిలబడ్డాడు.

సభనాడు హాలు నిండింది. బయట నిలబడినవారి కోసం బజారు వైపు కూడా హారన్లు కట్టారు. మొదటి వరసలో వీరవేణమ్మ పట్టుచీరలో కూర్చుంది.

"నష్టాల ఉప్పెనలో కన్నతల్లిని కూడా పోగొట్టుకుని, నవ్వుతూ లేచిన యువకుడు..." జోగేశ్వరరావు గొంతు వణికించాడు.

"ఎవరి బిడ్డో పాపం," అని వీరవేణమ్మ పక్కావిడతో అంది. ఇంతలో తన కొడుకే లేచి మైకు దగ్గరికి వెళ్ళడం చూసి నోరు తెరిచింది.

భాస్కర్ తల్లిని చూశాడు. తర్వాత యాంప్లిఫయర్ వైపు చూశాడు. ఈసారి ఆమె తల ఎత్తే ఉంది.

"ముందు వరసలో ఉన్నది మా అమ్మండి. బతికే ఉంది. పోయినవి రొయ్యలు."

హాలు నవ్వులతో ఘొల్లుమంది. జోగేశ్వరరావు నవ్వు చెదరకుండా, మైకు ఆపెయ్యమని హేమశ్రీకి సైగ చేశాడు. ఆమె ఆ సైగను శ్రద్ధగా గమనించి వాల్యూమ్ పెంచింది.

"కంపెనీ లేదు. మేత మాత్రం ఈయన దగ్గరే కొన్నాను, మంచి మాటలూ ఈయన దగ్గరే కొన్నాను. కష్టం మనిషిని గొప్పవాణ్ణి చేస్తుందంటారు. నన్నయితే చెయ్యలేదండి. నేల పాడైంది, కడుగుతున్నాను. ఒక మూల జీలుగ మొలిచింది. దమ్ములో కలియదున్ని, ఆ మూల వరకే ఊడుపులు వేస్తాను. రాకపోతే మళ్ళీ కడుగుతాను. నా దగ్గరున్నది ఇంతే."

చప్పట్లు రాలేదు. జోగేశ్వరరావు అంచనా ఆ ఒక్క విషయంలో నిజమైంది. వెనక వరసలో మాత్రం ఒక రైతు లేచాడు.

"జీలుగ ఎప్పుడు చల్లారండీ? మా చెరువూ అలాగే ఏడుస్తోంది."

"నీళ్ళు ఎన్ని తడులు తీశారు?" అన్నాడు ఇంకొకాయన.

ప్రశ్నలు పెరిగాయి. దృక్పథం మార్చుకోవడానికి వచ్చినవారు కుర్చీలు లాక్కుని ఉప్పు గురించి మాట్లాడుకోసాగారు. జోగేశ్వరరావు బ్యానరు కూడా విప్పుకోకుండా కారెక్కాడు.

సందడి తగ్గాక భాస్కర్ ఇంకా మైకు దగ్గరే ఉన్నాడు. "ఇంకొక్క మాట... హేమశ్రీగారూ... హైదరాబాద్ ఉద్యోగం పోయింది. బస్సు కూడా వెళ్ళిపోయింది. ఆ ముందు సీటు... ఇవాళొక్కరోజుకే కాకుండా..."

ఆమె టెస్టింగ్ మైకు అందుకుంది. "హలో, హలో. సౌండు బాగానే వస్తోందండి. నసగకుండా చెప్పండి."

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

జవాబు వచ్చేలోగా వీరవేణమ్మ వేదిక ఎక్కి ఇద్దరి మధ్యా నిలబడింది.

"అమ్మాయ్, వీడు నన్ను ఎన్ని ఊళ్ళలో చంపాడు?"

"ఒక్క ఊళ్ళోనేనండి. మిగతా ఊళ్ళలో కొనఊపిరితో బయటపడ్డారు."

"అవన్నీ విన్నాక కూడా వీణ్ణి బండెక్కిస్తున్నావా?"

"దింపి చూశానండి. వానలో తడుస్తూ అక్కడే నిలబడుతున్నారు."

వీరవేణమ్మ ఆమెను ఎగాదిగా చూసి, కొడుకు నెత్తిన ఒకటి మొట్టి, మళ్ళీ ఆమె వైపు తిరిగింది. "మీ నాన్నగారు ఇంటి దగ్గర ఎప్పుడుంటారమ్మా?"

"నడుం కదండీ, ఎక్కడికీ వెళ్ళలేరు," అంది హేమశ్రీ. ఆ రోజు మొదటిసారిగా ఆమె గొంతు తగ్గింది. "రేపు రండి. కాఫీ తాగుతారా, టీయా?"

మైకు ఆపడం ఎవరికీ గుర్తులేదు. బజారులో తోటకూర బేరమాడుతున్న ఒకాయన హారన్ వైపు తలెత్తి, "కాఫీయే మంచిది," అన్నాడు.