ఇదే దీని రూపం

నూకరత్నం చేతిలోంచి టీ గ్లాసు జారి, అరుగు అంచుకు తగిలి మూడు ముక్కలైంది. ఆవిడ ఆ ముక్కలను కాలితో ఓ మూలకు నెట్టేసి వాటి మొహం మళ్ళీ చూడలేదు. చూడాల్సిన పనేముంది? పొయ్యి మీద అన్నం దిగేలోగా గ్లాసు గ్లాసులా లేచి కూర్చుంటుంది.

మానుపొడి వచ్చినప్పటి నుంచీ లోకం తీరే అంత. కంటికి ఆనని ఆ పొడి గాలిలో, గోడల్లో, ఇంటి సామానులో అంతటా ఉంటుంది. ఇంటివాళ్ళు వస్తువు మీద చెయ్యి వేసి ‘ఇదే దీని రూపం’ అని ఒక్కసారి చెబితే చాలు, దాన్నే మూలరూపంగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత పగిలినా, చిరిగినా, సొట్టపడినా, చిన్న వస్తువైతే గంటలో, పెద్దదైతే తెల్లారేసరికి మళ్ళీ ఆ రూపానికే తెచ్చి నిలబెడుతుంది. గెడ్డపాలెంలో ఇప్పుడు దర్జీ లేడు, వడ్రంగి లేడు, మెకానిక్ షెడ్డు ఉన్న చోట పూల అంగడి నడుస్తోంది. మరమ్మతు అంటే పిల్లలు అదేదో కూర పేరనుకుంటారు. మనుషులకు మాత్రం పొడి పనికిరాలేదు. నూకరత్నం కుడి మోకాలు పన్నెండేళ్ళ కిందట విరిగింది, ఇప్పటికీ కుంటిస్తూనే ఉంది.

ఆవిడ ఆ కాలు ఈడ్చుకుంటూ పెరట్లోకి వెళ్ళి, జీపు ముందు నిలబడి, నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది.

"ఓలమ్మో! మళ్ళీ మొదటికొచ్చింది!"

నిన్నంతా గరుకురాయితో గీకి గీకి ఎడమ తలుపు తుప్పు వదిలించింది. నూనె గుడ్డతో తుడిచి మొహం చూసుకునేలా మెరిపించింది. ఇవాళ చూస్తే అదే తలుపు ఎర్రగా పొలుసులు లేచి ఉంది. మొన్న బానెట్టు సొట్ట తీస్తే అదీ అంతే, తెల్లారేసరికి తిరిగొచ్చింది. లోకమంతా పాడైనదాన్ని బాగుచేసే పొడి, ఈ ఒక్క బండి దగ్గర మాత్రం బాగైనదాన్ని పాడుచేస్తోంది. కుక్కతోకను రోకలికి కట్టినా ఇంతకన్నా నయమనిపించింది నూకరత్నానికి.

ఆ జీపు ఒకప్పుడు గెడ్డపాలెం నుంచి కొండమీది గాలిమెట్టకు జనాన్ని మోసిన సర్వీసు బండి. అత్త పైడమ్మ భర్త పోయాక చీర కుచ్చిళ్ళు దోపుకుని తనే స్టీరింగు పట్టింది. ఆ ఘాటీలో మొగవాళ్ళు కూడా ఆవిడకు దారిచ్చేవారు. తర్వాత కొడుకు సూర్నాయుడు నడిపాడు. నూకరత్నం గాలిమెట్ట పిల్ల. పెళ్ళికూతురిగా కొండ దిగింది ఈ జీపులోనే. పన్నెండేళ్ళ కిందట వానాకాలంలో పెద్దమ్మ మలుపు దగ్గర కొండచరియ విరిగి జీపు లోయలోకి జారితే, సూర్నాయుడు పోయింది కూడా ఇందులోనే. పక్కన కూర్చున్న నూకరత్నానికి మోకాలితో సరిపోయింది.

ఇన్నేళ్ళూ ఆవిడ ఆ బండి వైపు తిరిగి చూడలేదు. ఇప్పుడు మాత్రం కాలు నిలవడం లేదు. కారణం వాళ్ళ అక్క బంగారమ్మ. తల్లిలేని నూకరత్నాన్ని పెంచిన మనిషి. గాలిమెట్ట వాళ్ళు కొండే తమ దేవత, దాని మీద పొడి చల్లనిచ్చేది లేదన్నారు. పొడి లేని దారిలో తానుబండ్లు నడవవు. మనిషి తోలకుండా వాటంతటవే పోయే ఆ బండ్లు రోడ్డు చివరి దాకా వెళ్ళి, ఇక్కడితో సరి అని వెనక్కి తిరుగుతాయి. అక్కడి నుంచి ఎక్కాలంటే కాళ్ళుండాలి. తేనె అమ్ముకునే మనిషి ఒకడు దిగొచ్చి చెప్పాడు: "మీయప్పకి గుండెల్లో ఆయాసం, మంచం దిగట్లేదు. వానలు పడి గెడ్డ పొంగక ముందే ఓపాలి వచ్చి తీసుకెళ్ళమంది."

ఆకాశం అప్పటికే మబ్బులేసుకుంటోంది.

నూకరత్నం పెరటి గోడకున్న పలుకుగవ్వను చెవి దగ్గర పెట్టుకుని రూపశాఖను పిలిచింది. అవతల గొంతు మర్యాదగా పలికింది.

"అమ్మా, మీ జీపు దగ్గర పొడి లోపమేమీ లేదండి. దాని మూలరూపమే అది."

"తుప్పు రూపమేటి బాబూ? తుప్పుని ఎవులైనా రూపమంటారా?"

"పొడికి మంచీచెడూ తెలియవండి. చెయ్యి వేసినవాళ్ళు ఏది చెబితే అదే."

"ఎవులేసినారు చెయ్యి?"

"మీ ఇంటివారేనండి. కర్రి పైడమ్మగారు. మార్చాలన్నా ఆ చెయ్యే పడాలి. ఆవిడ తదనంతరం అయితే హక్కు మీకు వస్తుంది."

"తదనంతరమా! అయ్యేం మాటలు బాబూ, సుబ్బరంగా బతికున్న మనిషిని!" అని గవ్వను గోడకు తగిలించేసింది. ఒకే కంచంలో ఊరగాయ పంచుకుని తిన్న మనిషి. రోజూ తను తుప్పు గీకుతుంటే అరుగు మీద కూర్చుని తమలపాకు నములుతూ చూసిన మనిషి. ఒక్క మాటైనా అనలేదే!

మర్నాడు వెలుగు రేఖ రాకముందే లేచి పెరట్లోకి వెళ్ళింది, అత్తను లేపి నిలదీద్దామని. లేపే పని పడలేదు. పైడమ్మ అప్పటికే జీపులో ఉంది. డ్రైవరు సీట్లో కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, ముందున్న గోడను చూస్తోంది.

"దిగు అత్తా."

"ఏటే, ఇంత బేగా లెగిసిపోనావు?"

"నువ్వే చెయ్యేసినావట. ఈ తుప్పు మీద, ఈ సొట్ట మీద. నాను ఆస్పత్రిలో కాలికి కట్టేయించుకుని పడుంటే, నువ్విక్కడ ఇదే దీని రూపమన్నావట."

"అన్నాను."

"ఎందుకత్తా?"

పైడమ్మ కోడలి చెయ్యి పట్టి స్టీరింగు మీద పెట్టింది. ఆ ఇనుప చక్రం రెండు చోట్ల లోపలికి వంగి ఉంది. నూకరత్నం వేళ్ళు ఆ వంపులో సరిగ్గా దిగాయి.

"ఆడు ఆఖరుదాకా పట్టు ఒగ్గలేదే. పక్కన నువ్వున్నావని ఒగ్గలేదు. ఇనుము వంగింది గాని ఆడు వంగలేదు. అప్పుడే ఊళ్ళోకి పొడి తెచ్చినోళ్ళొచ్చి, బాగుచేయించుకుని అప్పుడు చెప్పమ్మా అన్నారు. బాగుచేస్తే ఈ వంపు పోద్ది. ఆడి చెయ్యి ఇంకెక్కడుందే నాకు?"

నూకరత్నానికి కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏది ముందో ఆవిడకే తెలియలేదు.

"నీకొక్కదానికేనా? ఆడి చెయ్యి నాకు అక్కర్లేదేటి? ఆడు పోయి నీకు కొడుకు లేడు, నాకు మొగుడు లేడు. గాని కొండమీద మాయప్ప చెయ్యి ఇంకా వెచ్చగానే ఉందత్తా! అది సల్లబడిపోయేదాకా నన్నీ ఇనుము పట్టుకుని కూకోమంటావా?"

ఆ రోజు పైడమ్మ అన్నం ముట్టలేదు. సాయంత్రం పొద్దువాలుతుండగా మంచం కింద నుంచి ఒక రేకుపెట్టె బరబరా ఈడ్చుకొచ్చింది. అందులో నూనె గుడ్డలో చుట్టిన పానాలు. ఆ వీధిలో పానా అన్న వస్తువు దాచుకున్నవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు.

"ఇటు రావే. ముందు స్టీరింగు ఊడదీద్దాం."

"ఊడదియ్యడమేటి?" నూకరత్నం తెల్లబోయింది. దేన్నైనా విప్పొచ్చని ఆవిడకు ఇన్నేళ్ళలో ఎన్నడూ తోచలేదు.

"బండంటే ఒకటే ముక్కనుకున్నావేటి, ముద్దపప్పులాగ? బిగించింది ఊడదియ్యొచ్చు. ఊడదీసింది బిగించొచ్చు. అదీ తెలీకుండా తలుపు నిలబెట్టి గీకేస్తన్నావు రోజూ. నవ్వొచ్చేది నాకు."

"నవ్వొచ్చేదా! చెప్పొచ్చు గదా మరి!"

"చెప్తే బాగైపోద్ది గదే," అంది ముసలమ్మ.

తర్వాత బానెట్టు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుంది. "ఇది దీని రూపం కాదు. ఒగ్గెయ్యండి," అంది, పొడితో కాదు, ఎవరో మనిషితో అన్నట్టు. స్టీరింగు ఊడివచ్చాక దాన్ని ఒళ్ళో పెట్టుకుని, దానికి విడిగా మళ్ళీ చెప్పింది: "ఇదే దీని రూపం." సూర్నాయుడి ఫోటో పక్కన మేకు కొట్టి తగిలించారు. నూకరత్నం ఆ రాత్రి అన్నం కలిపి అత్త నోటికి అందించింది, ముసలమ్మ కాదనలేదు.

ఇక చూడండి హడావిడి! తుప్పు గీకడం, పాత ఇనుము గుట్టలో ఓ ట్రాలీ చక్రాలు, ఇంకో స్టీరింగు వెతికి తేవడం, గొట్టాలు ఊది శుభ్రం చెయ్యడం. డీజిలు ఊసు లోకంలో లేదు, కానుగ నూనె కాచి వడగట్టి పోశారు. పైడమ్మ స్టూలు మీద కూర్చుని తిడుతూ చెప్పేది, నూకరత్నం తిట్లు తింటూ చేసేది. చేసిన పని తెల్లారి చూస్తే చేసినట్టే ఉండటం ఆవిడకు వింతగా తోచేది. మబ్బు మాత్రం రోజురోజుకీ కిందికి దిగుతోంది.

జీపు మొదటిసారి దగ్గి, నల్లగా పొగ వదిలి, గుర్రుమని నిలదొక్కుకున్న పొద్దున పైడమ్మ బానెట్టుకు పసుపు రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఎడమపక్క సీట్లో చతికిలబడి, కొంగు నడుముకు చుట్టుకుంది.

"నువ్వెక్కడికి అత్తా?"

"క్లచ్ మీంచి కాలు తియ్యడమే రాదు నీకు. నాను లేకుండా ఘాటీ ఎక్కుతావేటి? పోనీ."

తానుబండ్లు ఆగే చోటు దాటాక దారి దారిలా లేదు. రాళ్ళు, వేళ్ళు, వాగు కోసిన గోతులు. నూకరత్నం పళ్ళు బిగబట్టి తోలుతోంది. పెద్దమ్మ మలుపు కనిపించేసరికి ఆవిడ స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. సరిగ్గా అప్పుడే పైడమ్మ అరిచింది.

"ఆపు! ఆపే! ఎనక చక్రం ఏదో అంటంది."

"నాకేటీ ఇనబడలేదు."

"ఆపమంటే ఆపు!"

దిగి చూస్తే వెనక చక్రం నట్లు వేళ్ళతో తిప్పితే తిరుగుతున్నాయి. ఒకటి ఊడి ఎక్కడో పడిపోయింది కూడా. అవతల పది బారల్లో లోయ.

"ఇవి బిగించలేదేటే?"

"చీకటడిపోనాదని సగం తిప్పి ఒగ్గేసినాను. తెల్లారితే అదే సర్దుకుంటాదిలే అనుకున్నాను," అంది నూకరత్నం. గ్లాసు ముక్కలు మూలకు నెట్టేసే చెయ్యి అది. ఈ పన్నెండేళ్ళుగా ఏ పనీ పూర్తిగా ముగించాల్సిన అవసరం లేకుండా బతికింది.

పైడమ్మ పానా అందుకుంది. ముసలి నడుము వంచి, ఒక్కో నట్టూ పానాను కాలితో తొక్కి మరీ బిగించింది. అయ్యాక ఆయాసపడుతూ లోయ వైపు చూసింది.

"ఇక్కడ ఇంకొకరు నాకొద్దే," అంది. కోడలు వెళ్ళి అత్తను కావలించుకుంది. ఇద్దరూ ఆ మలుపులోనే నిలబడి పన్నెండేళ్ళ ఏడుపు ఏడ్చారు. తర్వాత పైడమ్మే ముక్కు చీది, "నడు, వానొస్తాది," అంది.

గాలిమెట్టలో బంగారమ్మను మంచంతో సహా జీపు వెనక ఎక్కించారు. "నన్ను దింపడానికి మీయత్తని కూడా తెచ్చినావేటే, కొండ దిగుతానా పైకే పోతానా అని సూడ్డానికా?" అని ఆయాసంలోనే నవ్వింది ఆవిడ. సగం దారిలో వాన అందుకుంది. గెడ్డ దాటేసరికి నీళ్ళు తలుపుల్లోకి వచ్చాయి. అక్కను ఆస్పత్రిలో చేర్పించి ఇల్లు చేరేసరికి జీపు నిలువెల్లా ఎర్రమట్టి. పైడమ్మ దిగలేదు. నీరసంగా సీటుకు ఓ పక్కగా జారబడి, ఎదురుగా ఉన్న రేకు మీద అరచెయ్యి ఆనించింది.

"అత్తా, ఆగు! ముందు కడగనీ. బురదతో చెప్తావేటి?"

"నీకేం తెలుసే. నడిసొచ్చిన బండి ఇలాగే ఉంటాది." ముసలమ్మ కళ్ళు మెరిశాయి. "ఇదే దీని రూపం."

బంగారమ్మ కోలుకుని చెల్లెలి ఇంట్లోనే కుదురుకుంది. పైడమ్మ ఆ చలికాలం దాటలేదు, నిద్రలోనే పోయింది. నూకరత్నం ఏడ్చింది గాని కూర్చోలేదు. జీపు ఇప్పుడు వారం వారం గాలిమెట్టకు వెళ్తోంది, రోగులతో, బాలింతలతో, బియ్యం బస్తాలతో. ఎంత కడిగినా తెల్లారేసరికి ఎర్రమట్టి మళ్ళీ వచ్చి చేరుతుంది. ఎడమపక్క సీటులో ఎవరెవరో కూర్చుని లేస్తారు. పొద్దున చూస్తే మాత్రం, బక్కమనిషి ఓ పక్కకు ఒరిగి కూర్చున్నంత గుంట ఒకటి, మళ్ళీ అలాగే ఉంటుంది. బంగారమ్మ కొత్త దూది కుక్కి కుట్టింది. మర్నాటికి అదీ అణిగిపోయింది.

ఓ పొద్దున పలుకుగవ్వ మోగింది. అదే మర్యాద గొంతు.

"అమ్మా, పైడమ్మగారి హక్కు మీకు వచ్చిందండి. మీ జీపు రూపంలో మట్టి, సీటులో లోపం కనిపిస్తున్నాయి. ఎవరో పొరపాటున చెప్పినట్టున్నారు. ఒక్కసారి చెయ్యి వేసి చెబితే కొత్తదానిలా ఉంటుంది."

నూకరత్నం బకెట్టు కింద పెట్టి, గవ్వను చెవికి ఆనించుకుని జీపు పక్కనే నిలబడి ఉంది. గుంటలోకి చెయ్యి పోనిచ్చింది. తెల్లారి చల్లదనం తప్ప అక్కడ ఏమీ లేదు. ఒకప్పుడు ఇదే పెరట్లో ముసలమ్మను దిగమని కసిరింది తనేనని గుర్తొచ్చింది.

"లోపం కాదు బాబూ, మాయత్త," అని గవ్వను తగిలించేసింది.

తర్వాత చీర ఎగదోపుకుని, తెల్లారితే మళ్ళీ వస్తుందని తెలిసీ, మట్టి కడగడం మొదలుపెట్టింది. "నీకేం అత్తా, కూకుంటావు. కడిగేది నాను గదా," అంది సీటు వైపు చూసి.