తలుపేసి అనుండ్రి

రఘుపతి గారింటి వీధి తలుపులు పొద్దున తెరిస్తే మళ్ళీ రాత్రి పడుకోబోయే ముందే మూసేది. హుజూర్‌నగర్ పొలిమేరలో రైసుమిల్లు, ఆ ఆవరణలోనే ఇల్లు. ధాన్యం తెచ్చిన రైతులకూ, లారీ డ్రైవర్లకూ, హమాలీలకూ ఆ ఇంటి వరండాయే కచేరీ. అక్కడ కుర్చీలో కూర్చుని పెద్దాయన కొడుకును కేకలేయడం మిల్లు సైరన్ లాంటిది. అది వినబడితేనే తెల్లారినట్టు.

ఆ రోజూ సుచరిత టీ వడగడుతుండగా మామగారి గొంతు వినబడింది.

"ఏరా బాలక్రిష్ణా, లారీ మీద టార్పాలిన్ కప్పియ్యమంటి గదా, కప్పిచ్చినవా? ఎట్ల కప్పిస్తవ్! మెడకాయ మీద తలకాయ ఉన్నోనికి చెప్పాలె గని!"

వరండాలో ఉన్నవాళ్ళు నవ్వారు. బాలకృష్ణ కూడా నవ్వాడు. కణతల దగ్గర వెంట్రుకలు నెరిసిన మనిషి. ఆ నవ్వు చిన్నప్పుడే నేర్చుకున్న నవ్వని పెళ్ళైన కొత్తలోనే సుచరితకు అర్థమైంది. మిల్లు మేస్త్రీ నూరుద్దీన్ ఒక్కడే నవ్వలేదు. అలాంటప్పుడు అతను గోడకున్న క్యాలెండర్ వైపు చూస్తాడు. నెల మారినా మారకపోయినా దాన్నే చదువుతున్నట్టు చూస్తాడు.

ఆ రోజు మధ్యాహ్నానికి వియత్నాం నుంచి ఇద్దరు రావాలి. ఇక్కడ కోళ్ళ మేతకు పోయే నూకలను వాళ్ళు ఓడల్లో తెప్పించుకుంటారని విని బాలకృష్ణ ఏడాదిగా ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి వాళ్ళను రప్పిస్తున్నాడు. మిల్లులో తండ్రి చెప్పకుండా అతను తలపెట్టిన మొదటి పని ఇది. ఇది కుదిరితే తనకూ ఒక మాట ఉంటుందని అతని ఆశ. ఆ ఆశ పైకి చెప్పడు. నెల కింద హైదరాబాదులో ఆసియా దేశాలవాళ్ళతో వ్యాపారం ఎలా చేయాలో క్లాసులు పెడితే వెళ్ళి కూర్చుని వచ్చాడు. విన్నదంతా మిల్లులో అందరికీ నేర్పాడు. కార్డు రెండు చేతులతో ఇవ్వాలి, రెండు చేతులతోనే తీసుకోవాలి. తీసుకున్నది చదవకుండా జేబులో వేసుకోకూడదు. ముందు పెద్దవాళ్ళను పలకరించాలి. వాళ్ళు మౌనంగా ఉంటే ఒప్పుకున్నారని అనుకోకూడదు.

"షాదీ కార్డు ఇచ్చినట్టన్నట్టు చిన్న సేట్?" అన్నాడు నూరుద్దీన్.

"గట్లనే భాయ్."

"అయితే మాకు వచ్చిందే గదా!"

రఘుపతి కుర్చీలోంచి పకపకా నవ్వాడు. "కార్డు ఇచ్చుడు నేర్వనీకి మావోడు హైదరాబాద్‌ల లాడ్జి కిరాయి కట్టిండు. తర్వాత తువ్వాల మడతేసుడు నేర్వనీకి అమెరికా పంపాలె."

అందరికీ అన్నీ నేర్పిన బాలకృష్ణ ఒక్క పాఠం మాత్రం ఇంటికి తెచ్చి దాచుకున్నాడు. ముందురోజు సాయంత్రం బట్టలు మడతపెడుతున్న భార్య దగ్గరికి వచ్చి చెప్పాడు. "ఎవల్నైనా సరే, పదిమంది ముందట తప్పు పట్టొద్దని చెప్పిండ్రు సుచరితా. వాళ్ళ దిక్కు అది మనిషి ముఖం కోసినట్టట. పడ్డోనిదే గాదు, అన్నోని మర్యాద గూడ పోతదట. చూసినోళ్ళకు గూడ కష్టమేనట."

ఆమె చేతిలో చొక్కా ఆగింది. "మామయ్యకు చెప్పిండ్రా?"

"నువ్వు చెప్పు. నీ మాటైతే ఇంటడు."

"కొడుకు మీరు. మీ నోరేమైంది?"

"నేను చెప్తే దానిక్కూడ పదిమందిల తిడ్తడు."

ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ ఎవరూ నవ్వలేదు.

పొద్దున కూరగాయలు తరుగుతూ సుచరిత ఆ మాట అత్తగారి చెవిన వేసింది. సోమమ్మ కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. "నేను చెప్పాల్నా బిడ్డా? నన్ను అనేటప్పుడు గూడ ఆ తలుపులు బార్ల తెరిచే ఉంటయి. చెప్పిన్ననుకో, అదొకటి మొదలు."

అలా ఆ ఒక్క మాట ముగ్గురి మధ్య తిరిగి, చేరాల్సిన మనిషికి చేరలేదు.

వచ్చినవాళ్ళలో ఒకామె లాన్, ముప్పై దాటిన చురుకైన మనిషి. రెండో ఆయన హుంగ్, నెరిసిన జుట్టు పెద్దమనిషి. ఏ నిర్ణయమైనా ఆయనదేనని ఆమె ప్రతి మాటకూ ముందు ఆయన ముఖం చూడటంలోనే తెలిసింది. కార్డులు రెండు చేతులతో వెళ్ళాయి, రెండు చేతులతో వచ్చాయి. నూరుద్దీన్ అయితే తనకిచ్చిన కార్డును చదివేదాకా కదలలేదు.

భోజనాల దగ్గర లాన్ ఇంగ్లీషులో అడిగింది. సుచరిత అత్తగారికి చెప్పింది. "నూకలు మన ఇండ్లల్ల తింటరా అని అడుగుతాంది అత్తమ్మా."

సోమమ్మ సిగ్గుపడింది. "కోళ్ళకేస్తమని చెప్పు." ఒక్క క్షణమాగి మెల్లగా అంది, "మా చిన్నప్పుడు మాత్రం నూకలన్నమే. బియ్యమన్నం పండుగ నాడే."

సుచరిత ఆ మాట ఇంగ్లీషులో చెబితే లాన్ నవ్వింది. తమ ఊళ్ళో పొద్దున్నే నూకలన్నం మీద కోడిగుడ్డు వేసుకుని తింటారట, దానికోసం జనం బండ్ల ముందు నిలబడతారట. సోమమ్మ ముఖం విప్పారింది. "అయితే మనసొంటోళ్ళే!" అంటూ ఇంకో గరిటె పప్పు వేసింది.

అక్కడివరకూ బాగానే ఉంది.

తర్వాత మిల్లు చూపించడానికి వెళ్ళారు. లాన్ చేయి పట్టుకుని రమ్మంటే సుచరిత కూడా వెళ్ళింది. నూకల బస్తాల దగ్గర బాలకృష్ణ పళ్ళెంలోకి గుప్పెడు తీసి చూపించాడు. ఓడలో నెలరోజులు పాడవకుండా నిలుస్తుందా అని హుంగ్ అడిగించాడు. బాలకృష్ణ నూకలను వేళ్ళతో నలిపి చూశాడు. ఈ లాటులో మాయిశ్చర్ కొంచెం ఎక్కువుందనీ, ఇంకా ఆరబెట్టి గానీ పంపననీ, ఇలాగే పంపితే బూజు పడుతుందనీ తన ఇంగ్లీషులో చెప్పాడు. హుంగ్ మెల్లగా తల ఊపాడు. వచ్చినప్పటినుంచీ మర్యాదకే నవ్విన ఆ ముఖంలో నిజమైన ఇష్టం కనబడింది. సుచరిత దాన్ని చూసింది. భర్త వంక గర్వంగా చూడబోయింది.

మాయిశ్చర్ అన్న ఒక్క మాట రఘుపతికి చాలు.

"ఏందిరా? ఏమంటున్నవ్? కొననీకొచ్చినోళ్ళ ముందట మన సరుకుకు మనమే వంక పెడ్తమారా? దున్నపోతు లెక్క పెరిగినవ్, బుర్రల గుజ్జు లేదు!" అంటూ కొడుకు చేతిలోంచి పళ్ళెం లాక్కున్నాడు. సగం నూకలు నేలపాలయ్యాయి, సగం బాలకృష్ణ బూట్ల మీద పడ్డాయి. "నువ్వు జరుగు. నేను మాట్లాడ్త."

బస్తాలు మోస్తున్న హమాలీలు ఆగిపోయారు. బాలకృష్ణ తల వంచుకుని ఆ పాత నవ్వే నవ్వాడు. లాన్ కళ్ళు దించుకుంది. ఆమెకు తెలుగు రాదు. కానీ దానికి భాష అక్కర్లేదు. హుంగ్ పక్కకు తిరిగి, ఏమీ లేని గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. నూరుద్దీన్ కూడా ఆ గోడ వైపే చూస్తున్నాడు. ఎక్కడెక్కడివాళ్ళో ఇద్దరూ ఒకే గోడను చూడటం సుచరిత గమనించింది. సిగ్గుతో ఆమె చెవులు మండాయి.

వెళ్ళేటప్పుడు వాళ్ళు అందరికీ వంగి దండం పెట్టారు, నవ్వారు, మాట్లాడుకుని చెప్తామన్నారు. కారు గేటు దాటగానే రఘుపతి మీసం దువ్వాడు. "చూసినవానే సోమా? పెద్ద మనిషి ఉండాలె. పిలగాళ్ళతోని అయ్యే పనులా ఇవి?"

బాలకృష్ణ బూటు అంచున ఇరుక్కున్న నూకలను దులుపుకుంటూ ఉండిపోయాడు.

వారం తిరిగాక ఒక పొద్దున లాన్ నుంచి మెసేజ్ వచ్చింది. బాలకృష్ణ వరండాలోనే నిలబడి చదివాడు. మళ్ళీ చదివాడు. ఫోన్ భార్య చేతికిచ్చాడు. ఈసారికి వేరే ఏర్పాటు చేసుకున్నామని ఉంది. మీ అమ్మగారి భోజనం మరిచిపోమని ఉంది. చివర ఇంకో మాట ఉంది. అది చదివి సుచరిత ఫోన్ తిరిగిచ్చేసింది.

"ఏమైందిరా?" అన్నాడు రఘుపతి.

"తీసుకోరట బాపూ."

"తీసుకోరా?" పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. తూకానికొచ్చిన రైతులున్నారు, నూరుద్దీన్ ఉన్నాడు, డ్రైవర్లున్నారు. "ఎట్ల తీసుకుంటర్రా? మా సరుకు తడిగుందని నువ్వే జెప్తివి! చేతగానోడా! నీ చేతిల మిల్లు పెడితే నెల తిరక్కముందే తాళమేస్తవ్!"

రైతుల్లో ఒకరు నవ్వారు. ఈసారి బాలకృష్ణ నవ్వలేదు.

"సరుకు గురించి కాదు బాపూ. ఇగో, ఏం రాసిన్రో ఇనుండ్రి. మేము వచ్చుడు వల్ల మీకు అసొంటి గడియ వచ్చింది, మా పెద్దాయన బాధపడ్డడు, మన్నించమన్నడు అని రాసిండ్రు. సమజైందా? చూసినందుకు వాళ్ళు మాఫీ అడుగుతున్నరు. తిట్టిన మీకు సిగ్గు లేదు!"

"ఎవనికి రా సిగ్గు? నా కొడుకును నేను అన్న! మా నాయిన నన్ను అంగట్ల ముల్లుగర్ర పట్టుకుని కొట్టిండు. ఏమైన? మనిషినైన. నేను అనకపోతే ఇంకెవలంటర్రా నిన్ను?"

"అనుండ్రి. నేను వద్దంటలే. లోపల అనుండ్రి. తలుపేసి అనుండ్రి! నా బిడ్డ కాలేజీకి వచ్చింది, దాని దోస్తుల ముందట గూడ దున్నపోతంటిరి. నా మాట మీద ఇంత దూరం వచ్చినోళ్ళకు నా మాట విలువ ఎంతనో మీరే చూపెట్టిండ్రి. ఇగ వాళ్ళు ఎవని మాట నమ్మి కొంటరు?"

రఘుపతి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ గెలుపు బాలకృష్ణకు కొత్త. దాన్ని ఎక్కడ ఆపాలో తెలియలేదు. పక్కనే టీ గ్లాసుల పళ్ళెంతో నిలబడ్డ భార్య వైపు తిరిగాడు.

"నీకు చెప్పిన గదా ముందుగాల్నే, బాపుకు చెప్పమని! ఒక్క మాట చెప్పనీకి రాలే నీకు. డిగ్రీ ఎందుకు చదివినవ్, పొయ్యి ఊదనీకా? మెడకాయ మీద తలకాయ ఉండాలె మనిషికి!"

నూరుద్దీన్ క్యాలెండర్ వైపు తిరిగాడు.

సుచరిత పళ్ళెం అరుగు మీద పెట్టింది. ఒక్క గ్లాసు కూడా చప్పుడు కాలేదు.

"తలుపు తెరిచే ఉందండి" అంది.

అంతే అంది. బాలకృష్ణ ముఖంలో నెత్తురు దిగిపోయింది. ఆమె లోపలికి వెళ్ళింది. అతను వెనకాలే వెళ్ళాడు. కొడుకు నోట తన మాట, పొల్లు పోకుండా తన మాట, పరాయింటి నుంచి వచ్చిన పిల్ల మీద పడటం రఘుపతి కళ్ళారా చూశాడు. నెమ్మదిగా గడప దాటి లోపలికొచ్చి తలుపు రెక్కలు దగ్గరికి లాగాడు. పగలు ఎన్నడూ వేయని తలుపు. ఒక రెక్క నేలకు రాసుకుని మొండికేసింది. భుజంతో నెట్టి గడియ వేశాడు.

గది చీకటైంది. నలుగురూ నిలబడ్డారు.

"ఇగ అను" అంది సోమమ్మ గోడకానుకుని. "తలుపేసినవ్ గదా. ఏమంటవో అను నీ కొడుకును."

రఘుపతి కొడుకును చూశాడు. పెదాలు కదిలాయి. వినేవాళ్ళు లేని ఆ గదిలో ఆయనకు ఒక్క తిట్టూ దొరకలేదు. కుర్చీ కోసం చేత్తో తడుముకున్నాడు. అది బయటే ఉంది.

బాలకృష్ణ భార్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించి "తప్పైంది సుచరితా" అన్నాడు.

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా వదల్లేదు. "అన్నది వాకిట్ల. తప్పైంది అనేది మాత్రం అర్రలనా?"

గడియ తీసిన చప్పుడుకు అందరూ అటు తిరిగారు. తీసింది రఘుపతి. వరండాలోకి వెళ్ళి, కుర్చీలో కూర్చోకుండా, దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"నూరుద్దీన్."

"సేట్?"

"ఆ నాడు నూకల లాటు... తేమ ఉండెనా?"

నూరుద్దీన్ ఆయనను చూశాడు, తలుపు దగ్గరున్న బాలకృష్ణను చూశాడు. "ఉండె సేట్."

"ఉండె. నాకు గూడ ఎర్కనే." పెద్దగా దగ్గి, అందరికీ వినబడేట్టు అన్నాడు, "మావోడు జెప్పిందే నిజం. నేనే ఆగం జేసిన."

ఎవరూ నవ్వలేదు. బాలకృష్ణ వెక్కిళ్ళు ఆపుకుంటూ బయటికి వచ్చాడు. తండ్రి పక్కన నిలబడి, రైతుల ముందు, డ్రైవర్ల ముందు, "నా భార్యది ఏం తప్పులేదు. నేను చెప్పాల్సింది ఆమె మీదికి నూకిన, మళ్ళ ఆమెనే అన్న" అన్నాడు. మాటలు తడబడ్డాయి. నూరుద్దీన్ ఈసారి క్యాలెండర్ వైపు తిరగలేదు.

నూకల బేరం మళ్ళీ రాదని అందరికీ తెలుసు. ఆ ముఖాలు మళ్ళీ ఈ గేటు దాటి రావు.

గడపలో నిలబడి చూస్తున్న సుచరితకు వెనక చిన్నగా చప్పుడు వినబడింది. సోమమ్మ అదే గోడకానుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"అత్తమ్మా, మీరు గూడ రాండ్రి. మామయ్య వాకిట్లనే ఉన్నడు."

"నేనెందుకులే బిడ్డా" అంది సోమమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "నీది ఒక్క పూట మాట. నన్ను అన్నవాటికి తప్పైందనాల్నంటే ఆ మనిషి పొద్దుగూకేదాక నిలబడాలె. మోకాళ్ళ నొప్పులోడు, ఏడ నిలబడ్తడు."

సుచరిత నేలకు రాసుకుంటున్న తలుపు రెక్కను పైకెత్తి పట్టి, పూర్తిగా తెరిచింది.