శాలువా రెండో కొస

బస్సు చక్రం ఊడి పక్కకి ఒరిగింది. బాగుచేసేవాళ్ళు రావడానికి సాయంత్రమవుతుందని కండక్టరు చేతులెత్తేశాడు.

"ఈ పొలాలు దాటితే అవతల ఊరే కదా, నడిచిపోతే పోలా?" అంది పెద్దకోడలు. ఆవిడ బట్టలు కుడుతుంది. పురుడు పోసుకున్న ఆడపడుచు ఇంటికి బయల్దేరారేమో, సంచీ నిండా తను కుట్టిన చంటిపిల్ల గౌన్లే. చిన్నకోడలు ఆసుపత్రిలో నర్సు. తోడికోడలి మాట ఎప్పుడూ తీసెయ్యదు. ఇద్దరూ పొలాల్లోకి దిగారు.

సగం దూరం పోయారో లేదో, మంచు కమ్మేసింది. అప్పటిదాకా కాసిన ఎండ ఏమైపోయిందో తెలీదు. ముందు దూరపు చెట్లు మాయమయ్యాయి. తర్వాత గట్లు. ఆఖరికి కాళ్ళ కింద బాట కూడా. తడిగడ్డి వాసనలో ఎక్కడిదో నిలవనీటి కుళ్ళు కలిసింది.

"మీ బావగారికి దారి అడగడమంటే నామోషీ. నాకలాంటివేం లేవు. కానీ అడగడానికి మనిషేడే?" అని నవ్వింది పెద్దావిడ.

నెత్తిమీద సన్నగా రొద వినిపించింది. కరెంటు తీగలు.

"వీటి వెంట పోదాం అక్కా. ఏదో ఒక ఇంటికి చేరతాయిగా."

పెద్దావిడ శాలువా తీసి, ఒక కొస తను పట్టుకుని రెండోది చిన్నదాని చేతికిచ్చింది. "వదిలావంటే వీపు చీరేస్తాను."

పెద్దావిడ ముందు, చిన్నది వెనక. చేతిలో శాలువా తప్ప ఏమీ కనబడటం లేదు. కాసేపు పెద్దావిడ ఆడపడుచుని వేళాకోళం చేస్తూ నడిచింది. తర్వాత ఆ మాటలు ఆగిపోయాయి. శాలువా మాత్రం బిగువుగా లాగుతూనే ఉంది.

"అక్కా, కాస్త నెమ్మది."

లాగుడు ఇంకా జోరైంది. చిన్నది తలెత్తి చెవి ఒగ్గింది. తీగల రొద లేదు...

అప్పుడు వెనకనుంచి, చాలా దూరంనుంచి...

"ఒసేయ్ చిన్నదానా! ఎక్కడున్నావే? ఆగవే!"

పెద్దావిడ గొంతు.

చిన్నది టక్కున ఆగిపోయింది. ముందు శాలువా కూడా ఆగింది. వదులైంది. తర్వాత మెల్లగా... చేప గాలాన్ని కదిపినట్టు... రెండుసార్లు గుంజింది.

"అక్కా... నువ్వేనా?"



ఆమె చేతిలోది వదిలేసింది. కొస కింద పడలేదు. అలాగే గాలిలో సాగుతూ మంచులోకి వెళ్ళిపోయింది.

వెనక్కి తిరిగి గొంతు వచ్చినవైపు పరుగెత్తింది. పడింది, లేచింది. కాలవ గట్టుమీద పెద్దావిడ కూలబడి ఉంది.

"కాలవలో పడ్డానే! శాలువా అప్పుడే జారిపోయింది. గొంతు చించుకున్నా నీకు వినబడదే?"

"మరి ఇంతసేపూ నన్ను లాగింది..."

"మాట్లాడకు. నడు."

పెద్దావిడ, చిన్నదాని స్వెట్టరు మీదనుంచే జబ్బ పట్టుకుని, వెనకనుంచి తోసినట్టుగా నడిపించింది. ఎంతకీ పట్టు సడలించలేదు. మళ్ళీ తీగల రొద. ఆ తర్వాత తారురోడ్డు, వ్యాను దీపాలు. ప్రాణం లేచొచ్చింది.

"ఎక్కండమ్మా, ఊళ్ళో దింపేస్తాను," అన్నాడు పాలవ్యాను డ్రైవరు. పాలడబ్బాల మధ్య ఇద్దరూ ఒదిగి కూర్చున్నారు. చిన్నదాని జుట్టులోంచి మంచునీళ్ళు ధారగా కారుతున్నాయి.

వ్యాను కదలబోతుండగా, పొలాల్లోంచి ఏడుపు.

"చిన్నదానా... ఎందుకు వదిలేశావే..."

అదే గొంతు. అదే పిలుపు. ఆమె నోరు తెరిచింది.

"పలక్కు," అని చెవిలో గుసగుసలాడి, పక్కనున్న మనిషి ఆమె నోటిమీద చెయ్యి వేసింది.

కాలవలో పడిలేచిన మనిషి చెయ్యి. పొడిగా ఉంది.